దురద మాత్రను ప్రయోగశాల ఏమని అడుగుతుంది?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశా సరిహద్దులో తెలుగు వినిపించే ఈ ఊళ్లలో ఏ మందుల దుకాణం ముందైనా కాసేపు నిలబడితే ఒకే రకం అభ్యర్థనలు మళ్లీ మళ్లీ చెవిన పడతాయి. "జలుబుకు ఒక బిళ్ళ ఇవ్వండి" అంటాడు లారీ డ్రైవరు. "ఒళ్లంతా దద్దుర్లు లేచాయి బాబూ, దురద మాత్ర ఏదైనా ఇవ్వు" అంటుంది ఒక పెద్దావిడ. "రేపు పాపను ఘాట్ బస్సులో తీసుకెళ్లాలి, వాంతులు కాకుండా ఏమైనా ఉందా అన్నా?" అని అడుగుతుంది ఒక తల్లి. దుకాణదారు మూడు అట్టలు తీసి కత్తెరతో మాత్రలు కత్తిరించి ఇస్తాడు. మొదటిది క్లోర్‌ఫెనిరమైన్ కలిసిన జలుబు మాత్ర, రెండోది సెట్రిజిన్, మూడోది ప్రొమెథజైన్. పేర్లు వేరు, రంగులు వేరు. మూడూ మాత్రం ఒకే కుటుంబానికి చెందిన మందులు. వాటినే యాంటీహిస్టమిన్లు అంటారు.

ఒకే కుటుంబం ఇన్ని పనులు ఎలా చేస్తోంది? ఒక మాత్ర నిద్ర ముంచుకొచ్చేలా చేస్తే, ఇంకొకటి ఎందుకు చేయదు? కొన్ని దురదలు ఏ మాత్ర వేసినా ఎందుకు తగ్గవు? ఈ ప్రశ్నలకు సగం జవాబు రసాయనంలో దొరుకుతుంది. మిగతా సగం ఈ మందులను ప్రయోగశాలలో ఎలా వడపోశారన్న చరిత్రలో ఉంది. పరీక్ష ఏదైనా, అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. తొలి రోజుల్లో యాంటీహిస్టమిన్లను అడిగిన ప్రశ్న ఒక్కటే: హిస్టమిన్‌ను అడ్డుకుంటావా, లేదా? అడ్డుకోగలిగినవి దుకాణాలకు చేరాయి. ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు ఆ తర్వాత రోగుల ఒంటి మీద బయటపడ్డాయి.

హిస్టమిన్ మన ఒంట్లోనే తయారవుతుంది. ప్రొటీన్లలో ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును కోల్పోతే మిగిలేది ఇదే. చర్మంలో, ముక్కు పొరల్లో, ఊపిరితిత్తుల్లో, పేగు గోడల్లో మాస్ట్ కణాలు ఉంటాయి. వాటి నిండా చిన్న చిన్న రేణువులు, ఆ రేణువుల నిండా హిస్టమిన్. పుప్పొడో, రొయ్యల కూరో, కందిరీగ విషమో ఒకరికి పడదనుకుందాం. ఆ పదార్థాన్ని గుర్తుపట్టే ఐజీఈ అనే ప్రతిరక్షకాలు మాస్ట్ కణాల మీద అంటుకుని ముందే కాచుకుని ఉంటాయి. పడని పదార్థం వాటికి తగలగానే కణం తన రేణువులను బయటికి కుమ్మరిస్తుంది. నిమిషాల్లోనే అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల గుండా నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, నరాల కొసలు రేగుతాయి. ఎర్రదనం, వాపు, దురద మూడూ కలిస్తే దద్దురు.

ఈ పదార్థం జంతువుల మీద ఎంత బలంగా పనిచేస్తుందో 1910లో హెన్రీ డేల్, పాట్రిక్ లైడ్‌లా వివరంగా రాశారు. హిస్టమిన్ నేరుగా ఏ కణాన్నీ కదిలించలేదు. కణం పైపొరలో దాని కోసం ఉన్న గ్రాహకానికి అతుక్కుని, ఆ గ్రాహకం ద్వారానే లోపలికి కబురు పంపుతుంది. ఇప్పటికి అలాంటివి నాలుగు తెలుసు: హెచ్1 నుంచి హెచ్4 దాకా. దద్దుర్లకు, తుమ్ములకు, కారే ముక్కుకు కారణం హెచ్1. కడుపులో ఆమ్లం ఊరించేది హెచ్2, దాని సంగతి 1972లో జేమ్స్ బ్లాక్ బృందం తేల్చింది. కడుపు మంటకు వేసుకునే ఫామోటిడిన్ కూడా ఒక రకంగా యాంటీహిస్టమినే, అయితే అది మూసేది హెచ్2ను. ఇక్కడ మాట్లాడుకునేదంతా హెచ్1 గురించే.

హిస్టమిన్‌ను అడ్డుకునే తొలి పదార్థాలను 1937లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ బోవే, ఆన్-మరీ స్టౌబ్ కనిపెట్టారు. అవి గినీ పందులను ప్రాణాంతకమైన హిస్టమిన్ మోతాదు నుంచి కాపాడాయి. మనుషులకు ఇవ్వలేనంత విషపూరితమైనవి కూడా. 1942లో వచ్చిన యాంటర్గాన్ మనుషులకు ఇవ్వగలిగిన మొదటి మందు. ఆ వెనకే మెపిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రొమెథజైన్, క్లోర్‌ఫెనిరమైన్ పదేళ్లలోపే వరసగా వచ్చిపడ్డాయి. బోవేకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. అంత వేగం సాధ్యపడటానికి కారణం చేతిలో ఒక చక్కని, చవకైన పరీక్ష ఉండటమే. ఫార్మసీ చదివిన వారెవరూ దాన్ని మరచిపోరు. గినీ పంది పేగు ముక్క మీద చేసే పరీక్ష అది.

రాత్రంతా ఆహారం పెట్టకుండా ఉంచిన గినీ పంది నుంచి చిన్న పేగు చివరి భాగమైన ఇలియాన్ని తీసి, లోపల శుభ్రంగా కడిగి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్క కోస్తారు. ఉప్పులూ గ్లూకోజూ కలిపిన గోరువెచ్చని టైరోడ్ ద్రావణంలో దాన్ని నిలువుగా వేలాడదీస్తారు. కింది కొసను గాజు గొట్టానికి, పై కొసను దారంతో ఒక తేలికైన మీటకు కడతారు. అడుగు నుంచి సన్నగా గాలి బుడగలు వదులుతుంటే జంతువు లేకపోయినా ఆ ముక్క గంటల తరబడి బతికే ఉంటుంది. పాత ప్రయోగశాలల్లో మీట కొస, మసి పట్టించిన కాగితం చుట్టి మెల్లగా తిరిగే డ్రమ్ము మీద గీత గీసేది. ద్రావణంలో హిస్టమిన్ చుక్క పడగానే పేగు బిగుసుకుంటుంది, గీత నిటారుగా లేస్తుంది. కడిగేస్తే మళ్లీ కిందికి దిగుతుంది. మోతాదు పెంచుకుంటూ పోతే గీతల ఎత్తూ పెరుగుతుంది, ఒక దశ దాటాక ఇక పెరగదు. గినీ పందినే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని పేగు, శ్వాసనాళాలు హిస్టమిన్‌కు ఎంతో సున్నితంగా స్పందిస్తాయి. ఎలుక అంత తేలిగ్గా చలించదు.

ఇప్పుడు ద్రావణంలో క్లోర్‌ఫెనిరమైన్ కలిపి, అదే హిస్టమిన్ మోతాదులు మళ్లీ ఇస్తారు. గీతలు పొట్టివవుతాయి. హిస్టమిన్ ఎక్కువ పోస్తే తిరిగి మునుపటి ఎత్తుకు లేస్తాయి. ఈ చివరి వాక్యంలోనే మందు స్వభావమంతా ఉంది. రాయగడ నుంచి గుణుపురం వెళ్లే బస్సును తలచుకోండి. సీట్లు ఎన్నో అన్నే. ప్రతి ఊరి దగ్గరా కొందరు దిగుతుంటారు, కొందరు ఎక్కుతుంటారు. ఖాళీ అయిన సీటు ఎవరిదన్నది, ఆ క్షణంలో ఏ గుంపు వారు ఎక్కువ మంది నిలబడి ఉన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. మందు అణువులూ హిస్టమిన్ అణువులూ హెచ్1 గ్రాహకం దగ్గర ఇలాగే పోటీ పడతాయి. మందు హిస్టమిన్‌ను నాశనం చేయదు, మాస్ట్ కణం నుంచి అది బయటికి రాకుండానూ ఆపదు. దాని చోటును ఆక్రమిస్తుంది, అంతే. దద్దుర్లు పూర్తిగా లేచాక వేసుకున్న మాత్ర కన్నా, లేవకముందే రోజూ వేసుకున్న మాత్ర బాగా పనిచేయడానికి కారణం ఇదే.

ఈ పోటీని అంకెలలో చెప్పే పద్ధతిని లండన్‌లోని హీన్జ్ షిల్డ్ 1947లో స్థిరపరిచాడు. మందు లేనప్పుడు పేగు ఎంత బిగుసుకుందో, మందు ఉన్నప్పుడూ అంతే బిగుసుకోవాలంటే హిస్టమిన్‌ను రెట్టింపు చేయాల్సి వచ్చిందనుకుందాం. ఆ రెట్టింపు అవసరాన్ని కలిగించిన మందు గాఢత ఎంతో చూసి, దాన్ని సంవర్గమానంలోకి (లాగరిథమ్) మార్చి, రుణ గుర్తు తీసేసి రాస్తే వచ్చేది పీఏ2. మెపిరమైన్‌కు ఈ పేగు మీద అది 9 పైచిలుకు. లీటరుకు ఒక మోల్‌లో వంద కోట్లో వంతు కన్నా తక్కువ మందు చాలునన్నమాట. అంకె పెద్దదైన కొద్దీ మందు శక్తి ఎక్కువ. మీట పొడవు, పేగు ముక్క పరిమాణం, చేసే మనిషి మారినా ఈ అంకె పెద్దగా మారదు. ఔషధ శాస్త్రంలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత నమ్మకమైన అంకె ఇచ్చిన పద్ధతి మరొకటి నాకు కనిపించదు. విద్యార్థులు దీన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేయడం చూస్తే బాధ కలుగుతుంది.

అయితే ఇక్కడే ఒక పొరపాటుకు చోటుంది. కోరాపుట్, రాయగడ కొండల్లో మందు మొక్కలకు కొదవ లేదు. ఏదో ఒక ఆకు సారం తీసి, పేగు ముక్క మీద పోసి, హిస్టమిన్ గీత పొట్టిదైందని చూపి, ఈ ఆకులో యాంటీహిస్టమిన్ గుణం ఉందని రాసేయడం విద్యార్థి పరిశోధనల్లో తరచుగా జరిగే పని. అంత మాత్రాన అది రుజువు కాదు. గీత పొట్టిదవడానికి పేగు కండరమే సడలిపోయి ఉండవచ్చు. అది తేల్చుకోవాలంటే అదే పేగు ముక్కకు, నరాల నుంచి కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఇచ్చి చూడాలి, కండరాన్ని నేరుగా బిగించే బేరియం క్లోరైడ్ ఇచ్చి చూడాలి. సారం ఈ మూడింటినీ ఒకేలా తగ్గిస్తే అది పాపవరిన్ లాంటి సాధారణ సడలింపు మందు. హిస్టమిన్‌ను ఒక్కదాన్నే తగ్గించి, ఆ తగ్గుదలను ఎక్కువ హిస్టమిన్‌తో మళ్లీ జయించగలిగితేనే హెచ్1 దగ్గర పోటీ జరిగిందని చెప్పవచ్చు.

ఈ అదనపు పరీక్షను డైఫెన్‌హైడ్రమైన్, ప్రొమెథజైన్‌ల మీద చేసి చూస్తే ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. అవి అసిటైల్‌కోలిన్‌నూ బాగానే అడ్డుకుంటాయి. పాత తరం జలుబు మాత్రలు వేసుకుంటే నోరు ఎండిపోవడం, కళ్లు మసకబారడం, మలబద్ధకం, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవారికి మూత్రం బిగబట్టినట్టు కావడం అన్నీ ఈ రెండో గుణం వల్లే. ముక్కు కారడం ఆగడంలో కూడా దీనికి వాటా ఉంది. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, అందులో హిస్టమిన్ పాత్ర తక్కువ. పాత మాత్ర ముక్కును ఎండబెట్టడానికి కారణం ఎక్కువగా అసిటైల్‌కోలిన్‌ను ఆపడమే. అందుకే కొత్త తరం సెట్రిజిన్ ఒట్టి జలుబుకు పెద్దగా పనికిరాదు.

పేగు ముక్క తర్వాతి మెట్టు బతికి ఉన్న జంతువు. గాజు గదిలో గినీ పందిని ఉంచి హిస్టమిన్‌ను పొగమంచులా వదులుతారు. శ్వాసనాళాలు బిగుసుకుని ఊపిరి అందక తడబడే లోపు ఎంత సమయం పట్టిందో చూసి, వెంటనే బయటికి తీస్తారు. ముందుగా మందు ఇచ్చిన జంతువు ఎక్కువసేపు తట్టుకుంటుంది. జంతువును ఇంత బాధపెట్టే పరీక్షను పాఠం చెప్పడానికి వాడటం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. మన దేశంలో జంతు ప్రయోగాలకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద సంస్థాగత నైతిక సంఘం అనుమతి కావాలి. బోధన కోసం చేసే ప్రయోగాలు ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ తెర మీదికి మారాయి. తెర మీది గీత ద్వారా కూడా పోటీ సూత్రం బాగానే అర్థమవుతుంది.

ఇక పేగు ముక్కకు మెదడు లేదు. కాబట్టి నిద్ర గురించి అది ఏమీ చెప్పలేదు.

మెదడులో హైపోథాలమస్ వెనక భాగాన ఉన్న ఒక చిన్న నాడీకణాల గుంపు హిస్టమిన్‌ను తయారుచేసి మెదడంతటికీ పంపుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఆ కణాలు చురుగ్గా ఉంటాయి, నిద్రలో నిశ్శబ్దమవుతాయి. అంటే ముక్కులో ఇబ్బంది పెట్టే పదార్థమే మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతోంది. క్లోర్‌ఫెనిరమైన్, ప్రొమెథజైన్ లాంటివి చిన్న అణువులు, కొవ్వులో సులభంగా కరుగుతాయి. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గట్టి పొరను అలవోకగా దాటిపోతాయి. ముక్కులో హెచ్1ను ఎలా ఆపుతాయో మెదడులోనూ అలాగే ఆపుతాయి. ఈ నిద్రను మనం దుష్ఫలితం అంటున్నాం గానీ మందు వైపు నుంచి చూస్తే అది చేస్తున్న పని రెండు చోట్లా ఒక్కటే.

ఈ గుణం నుంచే వేరే మందులు పుట్టుకొచ్చాయి. ఫ్రాన్స్‌లో ఆన్రీ లబోరీ అనే శస్త్రవైద్యుడు ప్రొమెథజైన్ ఇచ్చిన రోగులు ఎంతో ప్రశాంతంగా ఉండటం గమనించాడు. ఆ దారిలో వెతుకుతూ వెళ్లగా 1950 చివరిలో క్లోర్‌ప్రొమజైన్ తయారైంది, 1952 నుంచి తీవ్ర మానసిక వ్యాధుల వైద్యాన్నే మార్చేసింది. ఇక అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1947లో, దద్దుర్లకు డైమెన్‌హైడ్రినేట్ అనే యాంటీహిస్టమిన్ వాడుతున్న ఒకావిడ, ట్రామ్ బండి ఎక్కితే ఎప్పుడూ వచ్చే వికారం ఇప్పుడు రావడం లేదని వైద్యులకు చెప్పింది. లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే కదలిక సంకేతాల దారిలో హెచ్1, అసిటైల్‌కోలిన్ గ్రాహకాలు రెండూ ఉన్నాయి. రెండింటినీ మూసే మందు వాంతిని ఆపుతుంది. సుంకి ఘాట్ మలుపుల్లో పాప వాంతి చేసుకోకుండా ప్రొమెథజైన్ ఆపడం వెనక ఉన్న సంగతి ఇదే. బస్సు కదలడానికి అరగంట, గంట ముందే వేయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రొమెథజైన్ అసలు వేయకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మెదడులోకి పెద్దగా వెళ్లని సెట్రిజిన్‌కు బస్సు వాంతిని ఆపే శక్తి లేదు.

మరి డ్రైవరు సంగతి? సాలూరు దాటి కోరాపుట్ మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా బండి నడిపేవారు జలుబు మాత్ర వేసుకుని స్టీరింగు పట్టుకుంటారు. క్లోర్‌ఫెనిరమైన్ సగం తగ్గడానికి పెద్దవారిలో సుమారు 20 గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్న మాత్ర మర్నాడు కూడా ఒంట్లో ఉంటుంది. నిద్రమత్తు తెలియకపోయినా బ్రేకు మీద కాలు పడే వేగం తగ్గుతుందని, నడిపించి చూసిన పరీక్షల్లో తేలింది. మద్యం తోడైతే చెప్పనక్కరలేదు. నా దృష్టిలో జలుబు మాత్ర అమ్మేటప్పుడు "బండి నడుపుతారా?" అని అడగడం దుకాణదారుడి కనీస బాధ్యత.

మెదడులోకి ఎంత మందు వెళ్లిందో ఊహించే పని లేకుండా కొలిచే పద్ధతిని జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తీర్చిదిద్దారు. సగం ఆయువు 20 నిమిషాలే ఉండే రేడియోధార్మిక కార్బన్‌ను, హెచ్1కు అతుక్కునే డాక్సెపిన్ అనే మందు అణువుకు తగిలించి, మనిషికి ఎక్కించి, పెట్ స్కానర్‌తో మెదడు చిత్రం తీస్తారు. హెచ్1 గ్రాహకాలున్న చోటల్లా వెలుగు కనిపిస్తుంది. ముందే యాంటీహిస్టమిన్ వేసుకుని ఉంటే ఆ మేరకు వెలుగు తగ్గుతుంది. సగానికి పైగా గ్రాహకాలను ఆక్రమించేవి మత్తు కలిగించేవిగా, ఐదో వంతు లోపు ఆక్రమించేవి మత్తు లేనివిగా లెక్కకు వచ్చాయి. ఫెక్సోఫెనడిన్ అనే కొత్త తరం మందు విషయంలో ఇది దాదాపు సున్నా. సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మోతాదులో ఐదో వంతు లోపే ఉంటుంది, అయినా కొందరికి మగత వస్తుంది.

సెట్రిజిన్ పుట్టుక కూడా చెప్పుకోదగ్గది. బాగా మత్తు కలిగించే హైడ్రాక్సిజైన్ అనే యాంటీహిస్టమిన్‌ను కాలేయం మార్చినప్పుడు వచ్చే పదార్థమే ఇది. ఆ మార్పులో అణువుకు ఒక ఆమ్ల భాగం చేరుతుంది. దాంతో రక్తంలో అది ధన, రుణ ఆవేశాలు రెండూ మోస్తూ తిరుగుతుంది కాబట్టి కొవ్వు పొరను దాటడం కష్టమవుతుంది. దాటిన కొద్దిపాటినీ మెదడు రక్తనాళాల గోడల్లో ఉన్న పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు వెనక్కి తోసేస్తుంది. కొత్త మందులను ఇప్పుడు ఈ పంపు ఉన్న కణాల పొర మీద ముందే పరీక్షిస్తారు.

పేగు ముక్క అడగని రెండో ప్రశ్న గుండెది. ఇది ప్రాణాలు తీసింది.

మత్తు లేని తొలి యాంటీహిస్టమిన్‌గా టెర్ఫెనడిన్ ఎంతో పేరు తెచ్చుకుంది. అమెరికాలో 1985లో అమ్మకానికి వచ్చింది. మామూలుగా అది పేగు నుంచి కాలేయం మీదుగా పోయేటప్పుడే దాదాపు మొత్తం వేరే పదార్థంగా మారిపోతుంది. హెచ్1ను అడ్డుకునేది ఆ మారిన పదార్థమే. ఈ పని చేసే ఎంజైమును కీటోకోనజోల్ లాంటి ఫంగస్ మందు, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ అడ్డుకుంటే మారని టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుంటుంది. అది గుండె కండరంలో హెర్గ్ అనే పొటాషియం దారిని మూసేస్తుంది. ప్రతి కొట్టుకోవడం తర్వాత గుండె కణం తిరిగి తయారవ్వాలంటే పొటాషియం ఆ దారిన బయటికి పోవాలి. అది ఆలస్యమైతే ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి సాగుతుంది. ఒక్కోసారి గుండె లయ తప్పి మెలికలు తిరిగే గీతగా మారి, మనిషి స్పృహ కోల్పోతాడు. కీటోకోనజోల్‌తో కలిపి వేసుకున్న ఒక మహిళకు ఇలా జరిగిన ఉదంతం 1990లో వైద్య పత్రికలో అచ్చయింది. అలాంటివి పోగయ్యాయి. 1998 నాటికి టెర్ఫెనడిన్ అమెరికా మార్కెట్టు నుంచి పోయింది, 1999లో ఆస్టెమిజోల్ కూడా అదే దారి పట్టింది. టెర్ఫెనడిన్ మారగా వచ్చే, గుండెను తాకని ఆ పదార్థమే ఈ రోజు మన దుకాణాల్లో దొరికే ఫెక్సోఫెనడిన్. దాన్ని మంచినీళ్లతోనే వేసుకోవాలి. నారింజ, ఆపిల్ రసాలతో వేసుకుంటే పేగు దాన్ని సరిగా పీల్చుకోదు.

ఈ చేదు అనుభవం వల్ల వడపోత వరసే తిరగబడింది. 2005 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, దురద మందైనా దగ్గు మందైనా, కొత్త అణువుకు హెర్గ్ పరీక్ష, ఆ తర్వాత మనుషుల్లో క్యూటీ పరీక్ష చేసి చూపాలి. ఎలుక గుండె ఈ పనికి సరిపోదు, దాని కండరం తిరిగి తయారవడానికి ఎక్కువగా వేరే పొటాషియం దారుల మీద ఆధారపడుతుంది. అందుకే మనిషి హెర్గ్ జన్యువును పెట్టిన కణాన్ని సన్నని గాజు సూదితో పట్టుకుని విద్యుత్తును కొలుస్తారు.

మొదటి ప్రశ్నను అడిగే తీరు కూడా మారింది. మనిషి హెచ్1 గ్రాహకాన్ని కణాల్లో పెంచి, వందల గుంటలున్న ప్లాస్టిక్ పలక మీద పరచి, హిస్టమిన్ తగలగానే కణంలో పెరిగే కాల్షియాన్ని మెరిసే రంగు ద్వారా యంత్రం చదువుతుంది. ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన మెపిరమైన్‌ను ఎంత మేరకు తొలగించగలదో చూసి కొత్త అణువు పట్టును కొలుస్తారు. 2011లో డాక్సెపిన్ అతుక్కుని ఉన్న హెచ్1 గ్రాహకం ఆకారాన్ని ఎక్స్-కిరణాలతో చిత్రించారు. ఈ కణాల పరీక్షల వల్లే ఇంకో సంగతి తెలిసింది. హిస్టమిన్ లేకపోయినా హెచ్1 గ్రాహకం తనంతట తాను కొంచెం పనిచేస్తూనే ఉంటుంది. యాంటీహిస్టమిన్లు ఆ కొంచెం పనిని కూడా ఆపుతాయి, గ్రాహకాన్ని నిద్రాణ స్థితిలోనే పట్టి ఉంచుతాయి. చివరికి మనిషి ముంజేతి మీద సూదిమొనతో హిస్టమిన్ గుచ్చి, దద్దురు ఎంత మేర తగ్గిందో కొలుస్తారు. అలర్జీ చర్మ పరీక్షకు వెళ్లేవారు వారం ముందు నుంచే ఈ మాత్రలు ఆపాలని వైద్యులు చెప్పడం ఇందుకే.

ఇంత వడపోసినా, ఇవన్నీ హిస్టమిన్ కలిగించే దురదకు మాత్రమే మందులు. దురదలన్నీ హిస్టమిన్‌వి కావు. మన కొండ పొదల్లో పెరిగే దూలగొండి తీగను తీసుకోండి. కాయల మీది గోధుమరంగు నూగు ఒంటికి తగిలితే మనిషి గోక్కుని గోక్కుని అల్లాడిపోతాడు. ఆ నూగులో మ్యూకునైన్ అనే ఎంజైము ఉంది. అది నరాల కొసల మీద ఉన్న వేరే గ్రాహకాలను నేరుగా కత్తిరించి రేపుతుంది. యాంటీహిస్టమిన్ పూత హిస్టమిన్ దురదను ఆపగలిగింది గానీ దూలగొండి దురదను ఆపలేకపోయిందని మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. జీడిపిక్కలు కొట్టేవారి చేతులకు పెంకు నూనె వల్ల వచ్చే పుండ్లు, పొక్కులు కూడా వేరే జాతివే. వాటిలో అలర్జీ వల్ల వచ్చేవాటిని నడిపేవి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు, అవి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. వైవాక్స్ మలేరియాకు వేసుకున్న క్లోరోక్విన్ వల్ల కొందరికి వచ్చే దురదదీ ఇంకో దారి. వీటికి జలుబు మాత్ర ఇస్తే రోగి పడుకుంటాడు, దురద అలాగే ఉంటుంది.

కందిరీగ కుట్టి గొంతు వాచి, ఊపిరి ఆడక, రక్తపోటు పడిపోయే స్థితిలో ఫెనిరమైన్ ఇంజక్షన్ ఇచ్చి ఎదురుచూడటం ప్రాణాంతకమైన ఆలస్యం. అప్పటికే మాస్ట్ కణాలు హిస్టమిన్‌తో పాటు ఎన్నో ఇతర పదార్థాలను కుమ్మరించి ఉంటాయి, హెచ్1 ఒక్కదాన్ని మూస్తే అవి ఆగవు. పెద్దవారికి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ తొడ బయటి కండరంలో వెంటనే పడాలి. పాము విషానికి విరుగుడు ఎక్కించేటప్పుడు వచ్చే తీవ్రమైన ప్రతిచర్యకూ మొదటి మందు అదే. యాంటీహిస్టమిన్ ఆ తర్వాతే. పిల్లల విషయంలోనూ ఒక ఆదేశం ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు.

ఏ వడపోతలోనూ ముందుగా కనిపించని రోగి ఇంకొకరున్నారు. గంజాం, గజపతి జిల్లాలను ఆనుకుని ఆంధ్రా వైపున్న ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎంత విస్తృతంగా ఉందో అందరికీ తెలుసు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి వైద్యానికి బరంపురం వచ్చేవారూ ఉన్నారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఒళ్లంతా తీవ్రమైన దురద ఉంటుంది. దుకాణంలో అడిగితే దొరికేది సెట్రిజిన్. అది ఎక్కువ భాగం మారకుండా మూత్రం ద్వారానే బయటికి పోతుంది. మూత్రపిండాలు బాగా పనిచేసేవారిలో సుమారు 8 గంటలుండే దాని సగం ఆయువు వీరిలో మూడు రెట్ల దాకా పెరుగుతుంది. డయాలసిస్ కూడా దాన్ని పెద్దగా తొలగించదు. మోతాదు 5 మిల్లీగ్రాములకు తగ్గించకపోతే మందు పేరుకుని రోగి పగలంతా మత్తుగా ఉంటాడు. మూత్రపిండాలు పూర్తిగా చెడినవారికి లెవోసెట్రిజిన్ ఇవ్వనే కూడదు. పైగా ఈ దురదలో హిస్టమిన్ వాటా తక్కువ. చర్మాన్ని తేమగా ఉంచే లేపనాలు, రక్తంలో ఫాస్ఫరస్ అదుపు, డయాలసిస్ సరిపోతోందా లేదా అన్న పరిశీలన, అప్పటికీ తగ్గకపోతే నెఫ్రాలజిస్టు పర్యవేక్షణలో డయాలసిస్ తర్వాత చిన్న మోతాదు గాబాపెంటిన్ ఈ దురదకు ఎక్కువ ఉపయోగపడతాయి. కాబట్టి దురద మాత్ర అడగడానికి వచ్చిన మనిషి చేతిలో డయాలసిస్ కార్డు ఉంటే, దుకాణదారు అట్ట కత్తిరించే ముందు వైద్యుడికి ఫోను చేయాలి.